వెన్ను వంపుకు ఎన్ని మార్కులు

అబ్దలీ ఎడారిలో తొమ్మిదేండ్లు గొర్లు కాసినందుకే
జాబ్రియాల ఈ ఎలుకల గది నౌకరీ దొరికింది.
తూకం కన్న ముందు నడుమే చెప్తదని
డాక్టరమ్మ గాలియాకు ఒకనాడు చూపించిన.

మూడు తలుపులు. నీలి టోపీ. చల్లటి గాలి.
బయట తూజ్ లేచి మొగులంతా ఇటుకపొడి అయినా
ఇక్కడికి ఒక్క రేణువు రాదు.
"తుఫాను వీటి లోపల" అంటదామె.

ముందు కిరణాలు పెట్టి
ఎముకల మూలుగ మాడుస్తరు.
ఇంకో జాతి ఎలుక మూలుగ
తోక నరంలకెల్లి ఎక్కిస్తరు.
వచ్చిన కణం ఇల్లంతా తిరిగి చూస్తది,
పేగు, కాలేయం, చెవి తోలు,
ఏదీ తనది కాదని కేకేస్తది.
ఆ కేకల పేరే సైటోకైన్లు.
ఒకటి విని పది, పది విని వెయ్యి.

హోస్ట్ అంటే ఏందని అడిగితే
సూడాన్ తమ్ముడు ఇద్రీస్ "ముదీఫ్" అన్నడు.
నాకు కఫీల్ అని వినబడ్డది.
రాత్రి ఖైతాన్ రూంల చెప్తే
పక్క మంచం నర్సాగౌడ్ పొట్ట పట్టుకొని నవ్విండు:
"వీసా మీద వచ్చినోడు కఫీల్‌ను తింటడా!"
నేను నవ్వలే.
ఎక్కినదీ అడగలే, ఎక్కించుకున్నదీ అడగలే.

ఏడో రోజు.
వెంట్రుక నిక్కితే ఒకటి.
వెన్ను విల్లయితే రెండు.
ఏ పంజరానికి మందో, ఏ పంజరానికి ఉత్త నీళ్లో
నాకు చెప్పరు. చెప్తే కలం వంగుతదట.

పద్నాలుగుల అయిదూ లేచి గింజ నమిలినయి.
పదిహేనుల మూడు లేవలే.
నెల ఒడిసినంక గుట్టు విప్పితే
రెంటికీ ఒకటే మందు.
ఒకదానికి మొదటి దినం,
ఇంకోదానికి నాలుగో దినం.
డాక్టరమ్మ కుర్చీల కూలబడ్డది.

నాకు వింత కాలే.
మూడు దినాలు దూప మీదున్న గొర్రెకు
గుక్కెడు గుక్కెడు పోస్తే లేస్తది,
తొట్టి కాడ వదిలితే పడిపోతది.
నీళ్లు అవే కదా అమ్మా, అన్న.
ఆమె అరబ్బీల రాసుకున్నది: దూప, గొర్రె, తొట్టి.
కాయితాలల్ల అది అచ్చు కాదు, నాకు ఎరుకే.

కాని ఆ ఏడో రోజు,
పదిహేనుల మిగిలిన రెంటికీ
గింజ నానబెట్టి, మెత్తగ పిసికి
పంజరం అడుగున పెట్టిన.
ఒకదాని మీసం కదిలింది.
షీటుల దానికి గడి లేదు.