ఏడేళ్లు దాటనివారు మాత్రమే

బోరా గాలి లేచిన రోజుల్లో ట్రియెస్తేలో
వీధి మలుపుల దగ్గర తాళ్లు కట్టేవారట,
మనుషులు కొట్టుకుపోకుండా.
మా వసారాలో తాడు లేదు, నోటీసు బోర్డుంది.
నాలుగేసి గుండుసూదులతో
ఉద్యోగాల్ని దానికి గుచ్చడం నా పని.
జీవశాస్త్ర విభాగంలో గుమాస్తాని,
ఇరవై రెండేళ్లుగా.

ఫుల్వియా సాంచిన్ పొద్దున్నే వస్తుంది.
హెల్మెట్ తీయకుండానే చదువుతుంది.
ఉప్సలాలో రెండేళ్లు.
గ్రాట్స్‌లో పద్దెనిమిది నెలలు, నిధులు అందితే పొడిగింపు.
డాక్టరేట్ వచ్చి ఏడేళ్లు దాటనివారు మాత్రమే.
వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటుంది.
లెక్క నాకు తెలుసు. ఆరున్నర.

ఆమె చదువంతా ఒక గుహజీవి గురించి.
ఈ సున్నపురాతి కొండల కింద, వెలుగెరగని నీళ్లలో
జానెడు పొడుగు, మన అరచేతి రంగు,
కళ్లున్న చోట చర్మం.
"పదేళ్లు తిండి లేకుండా బతుకుతుంది ఒండీనా," అంది ఓసారి
కాఫీ మెషిన్ దగ్గర చిల్లర వెతుక్కుంటూ.
ఇద్దరం నవ్వాం.
ఆ నవ్వు ఎక్కడ ఆపాలో ఇద్దరికీ తెలియలేదు.

దరఖాస్తుకేం కావాలో నాకు కంఠతా వచ్చు.
ఇన్నాళ్ల బతుకు, రెండు పేజీలు మించకుండా.
వచ్చే మూడేళ్లలో ఏం కనుక్కుంటావో
ఇప్పుడే చెప్పే పత్రం ఒకటి.
(ముందే తెలిస్తే వెతకడమెందుకని
అడగడానికి అందులో గడి లేదు.)
ముగ్గురు పెద్దల సిఫారసులు.
ఒకాయన పోయిన చలికాలం పోయాడు.
ఆ ఖాళీలో ఎవరి పేరు రాయాలో తోచక
పెన్ను మూత తీసి, పెట్టి, తీసి
నా బల్ల ముందు చాలాసేపు నిలబడింది.
ప్రొఫెసర్ కొస్సుత్తా కాదనడు, పంపడు.
గడువు అర్ధరాత్రి. పదకొండూ నలభైకి
ఆయనింటికి ఫోన్ చేసింది నేనే.
నిద్రగొంతుతో అడిగాడు:
"ఏ ఫుల్వియా?"

ఇంటర్వ్యూ తెరమీద.
గదులు ఖాళీ లేక నా గదిలోనే కూర్చుంది,
ఫైళ్ల వెనక నేను ఊపిరి బిగబట్టుకుని.
ఐదు ముఖాలు. ఒకటి నోరు తెరిచి అలాగే ఆగిపోయింది.
"ఐదేళ్ల తర్వాత ఎక్కడుంటానని అనుకుంటున్నారు?"
కిటికీ రెక్క టపటపా కొట్టుకుంది.
"గుహలో," అంది. "అదే రాయి దగ్గర.
మేం గుర్తుపెట్టిన ఒకటి ఆరేళ్లుగా అక్కడే ఉంది,
కదల్లేదు.
అది కదిలేటప్పుడు ఎవరో ఒకరు చూడాలి కదా."
తెరమీద ఎవరో ఏదో రాసుకున్నారు.

రెండో స్థానం.
మొదటివాడు రానంటే పిలుస్తారు.
మొదటివాడు ఎందుకు రానంటాడు?

ఏప్రిల్‌లో ఏడేళ్లు నిండాయి. శుక్రవారంతో జీతం ఆగింది.
సోమవారం బురద బూట్లతో వచ్చింది,
నేను పాత నోటీసుల్లోంచి సూదులు పీకుతుంటే.
"ఒండీనా, రెండు మీటర్లు," అంది.
"ఏంటి?"
"కదిలింది."

తడి చేతులతో నా భుజాలు పట్టుకుంది,
గాలిలో తాడు పట్టుకున్నట్టు.

గుహ తాళంచెవి ఒప్పగించే ఫారం
నా సొరుగులోనే ఉంది.
తారీఖు వేయాలి, సంతకం తీసుకోవాలి.
ఈ వారం పని ఎక్కువగా ఉంది.