గోరంత

పెద్ద మార్కెట్లో మా అమ్మ
బెల్లం అచ్చు అంచున గోరంత గిల్లి
నాలిక మీద పెట్టుకునేది.
ఉప్పదనం తగిలితే "వద్దులేప్పా" అని కదిలేది.
తీపి కుదిరితే
అంగడాయన మొహం చూడకుండా బేరమాడేది.

రుచి చూసి కొనడం నేను అక్కడే నేర్చుకున్నా.
సగమే నేర్చుకున్నా.

వన్‌టౌన్ సందులో షాషావలన్న అంగడి.
రెండు కంప్యూటర్లు, ఒక ఫ్యాను,
గోనెసంచిలో జొన్నల మాదిరి సీడీలు.
కాపీ ముప్పై రూపాయలు.
"తీస్కపో మద్దిలేటీ, ఆడి చూడు.
బాగుంటే దుడ్డియ్యి, బాగలేకుంటే సీడీ ఇయ్యి."

ఆ ఆటలో ఒక పడవ, ముప్పై ఒక్క దీపస్తంభాలు.
అన్నీ వెలిగిస్తే సముద్రం తెల్లారుతుంది.
ఏడు రాత్రులు వెలిగించినా.
కరెంటు పోయిన రాత్రి మిద్దె మీద పడుకుని
తర్వాతి దీపానికి దారి
వేలితో గాల్లో గీసుకున్నా.
ఎనిమిదో దినం, కోడి కూయకముందే
సముద్రం తెల్లారింది.
నల్లటి తెర మీద పేర్లు:
బొమ్మలేసినోళ్లు, అలల చప్పుడు పట్టినోళ్లు,
పని మధ్యలో ఎవరికో పుట్టిన పసిబిడ్డ పేరు కూడా.
చీమల బారులా పైకి పోతా ఉంటే
ఎస్కేప్ నొక్కి
స్కూలుకు పోయినా.

సాయంత్రం సీడీ ఇచ్చేసి
"బాగలేదన్నా" అన్నా.
ఆయన కళ్లద్దాలు పైకి తోసి
"అట్లనా" అన్నాడు.
ఇంకోటి తీసి చేతిలో పెట్టినాడు.

అప్పుడు నా దగ్గర లెక్కలుండేవి.
గిల్లితే బెల్లం తరుగుతుంది, ఆట తరగదు కదా.
అసలుది తొమ్మిదొందల తొంభై తొమ్మిది,
జిన్నింగు మిల్లులో మా నాయన పది దినాల కూలి.
నేనెట్లాగూ కొనేవాణ్ణి కాదు,
కాబట్టి ఎవరికీ పోయిందేం లేదు.
ఉద్యోగమొచ్చినాక కొంటాలే.
ఈ లెక్కల్లో తప్పు ఎక్కడుందో
ఇప్పటికీ పూర్తిగా పట్టలేను.
పది దినాల కూలి అబద్ధం కాదు.
"బాగలేదన్నా", అదీ అబద్ధం.

తుంగభద్ర ఊళ్లోకొచ్చిన అక్టోబరు.
నీళ్లు తీసినాక సందులో మోకాటి లోతు బురద.
సీడీలు ఏరి, బకెట్లో ముంచి
దండేనికి బట్టల క్లిప్పులతో తగిలించినాం.
ఎండ పడి ఎదురు గోడంతా
రంగు ముక్కలు ఊగుతున్నాయి.
పై అరలో, యూరియా కవర్లో చుట్టి
ఒక అట్టపెట్టె. మూత మీద పడవ.
లోపల హైదరాబాదు అంగడి బిల్లు:
తొమ్మిదొందల తొంభై తొమ్మిది.

మా వీధి మొత్తానికి
ఆ ఆటను దుడ్డు పెట్టి కొన్నది
దొంగ సీడీలమ్మే మనిషొక్కడే.

"కాపీ తియ్యాలంటే ఒకటన్నా అసలుది ఉండాల కదబ్బా"
అని నవ్వి, ఉబ్బిన పెట్టెను ఒళ్లో పెట్టుకుని
అతుక్కున్న కాగితాలు విడదీస్తా కూచున్నాడు.
అప్పుడే చెప్పాలనిపించింది.
బకెట్లో నీళ్లు మార్చడానికి లేచినా.

అంగడి మళ్లీ తెరవలేదు.
ఆదోని పోయినాడన్నారు, కాదు గుత్తి అన్నారు.

మొన్న దసరా తగ్గింపులో
నూట నలభై తొమ్మిదికి అసలుది కొన్నా.
చేసిన కంపెనీ మూతబడి యేండ్లయింది,
నా దుడ్డు ఎవరి జేబులో పడిందో తెలీదు.
ఈసారి ఆ పేర్లన్నీ కడదాకా చదవాలని కూచున్నా.
వేళ్లు మొద్దుబారినాయి.
నాలుగో దీపం దగ్గరే
పడవ మునిగిపోతా ఉంది.

షాషావలన్నా,
ముప్పై రూపాయలు ఇంకా నా దగ్గరే ఉండాయి.
బాగుండిందన్నా.
చానా బాగుండింది.