పదకొండు రాత్రుళ్ళు, ఒక దగ్గు

పదకొండు రాత్రుళ్ళు మా ఆయన గెడ పట్టాడు.
భైరవపాలెం రేవు నుంచి మడల్లోకి,
పోటు ఎక్కేటప్పుడు లోపలికి, పాటు తీసేలోపు బయటికి.
రోజుకి ఎనిమిది వందలు. ఇంజను వెయ్యకూడదు,
బీడీ కాల్చకూడదు, దగ్గకూడదు.
దగ్గొస్తే నోట్లో వేసుకోమని
లవంగాలు పొట్లం కట్టి జేబులో పెట్టాను.

కెమెరా అబ్బాయిది మలయాళం, పేరు జోమోను,
దోమలు ముసిరినా చెయ్యి కదిపేవాడు కాదట.
చెవులకి డబ్బాలు తగిలించుకున్న పిల్ల తృప్తి
బొచ్చు తొడిగిన మైకుని
కర్రకి గుచ్చిన ఉడతలా పట్టుకునేది.
అందరికీ కేరేజీల్లో అన్నం నాది.
మొదటిరోజు మండపీతల పులుసు తిని ఆ పిల్ల ఏడ్చింది, కారానికి.
రెండోరోజు అదే కావాలంది.

బావురుపిల్లి దొరకాలి కదా,
అదేమైనా పిలిస్తే వచ్చే జాతా?
పాయ వంపులో, తిల్లచెట్టు కింద,
బురదలో అడుగు చూసి, వంగి వాసన చూసి
"ఇది నిన్నటిది. మళ్ళీ వస్తుంది" అన్నాడట ఈయన.
ఎలా తెలుసంటే చెప్పలేకపోయాడు.
నాకూ ఏదీ చెప్పలేడు. ఇరవైరెండేళ్ళ కాపురం.

ఏడాదిన్నరకి టీవీలో వచ్చింది,
ఆదివారం రాత్రి ఎనిమిదింటికి, తెలుగులోనే.
వీధి వీధంతా మా గదిలోనే.
పెసింగి వారి ముసలమ్మకి మంచం, మిగతావాళ్ళకి నేల,
కిటికీ ఊచలకి వేలాడుతూ ఐదుగురు పిల్లలు.

ఏం చూపించారనీ!
మా మడవేళ్ళు అంత అందంగా ఉంటాయని
వాటిమీద జారి పళ్ళు రాలగొట్టుకున్న మాకే తెలీదు.
పీతకన్ను గుమ్మడికాయంత.
బురదచేప ఎగిరెగిరి పెళ్ళాన్ని పిలుస్తుంటే
ముసలమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.
అప్పుడు గంభీరంగా ఒక మగగొంతు:
"మానవ పాదం సోకని ఈ నిశ్శబ్ద సామ్రాజ్యంలో
మత్స్య మార్జాలం వేటకు బయలుదేరింది."

సోకకపోవడమేంటి?
గదిలో ఎవరూ ఏమీ అనలేదు.
ఈయన పాదాల కేసి చూశాను.
మడమల పగుళ్ళలో
ఆ సామ్రాజ్యం ఇంకా నల్లగానే ఉంది.
తొంభైయారు తుపాను వెలిసిన తెల్లారి
మా మామగారు దొరికింది ఆ వేళ్ళ మధ్యే.

పిల్లి వచ్చింది.
నీటి అంచున కూర్చుంది. ముంగాలు ఎత్తింది.
సంగీతం ఆగింది.
సరిగ్గా అప్పుడు, చీకట్లోంచి ఎక్కణ్ణుంచో
"ఖుహ్."

ఒకటే. చిన్నది. గొంతులో గింజ ఇరుక్కున్నట్టు.
పిల్లి చెవి ఒకటి ఇటు తిరిగింది.
కిటికీ గొల్లుమంది:
"మావయ్యో! మావయ్య దగ్గు!"
ముసలమ్మ చప్పట్లు కొట్టింది.
ఈయన సిగ్గుపడి, అగ్గిపెట్టె వెతుక్కుంటూ బయటికి పోయాడు.
తొమ్మిదో రాత్రి అది. నాకు తెలుసు.
ఆరోజే లవంగాలు అయిపోయాయి.

చివర పేర్లు పడుతుంటే సబ్బు ప్రకటన అడ్డొచ్చింది.

ఆ డబ్బాల్లో తృప్తికి వినపడలేదా?
చీమ నడిచినా "ష్" అన్న పిల్ల.
వినే ఉంటుంది.
తుడిచెయ్యడం చేతకాకో,
చేతకానట్టు ఊరుకునో.
కారానికి ఎర్రబడ్డ ఆ కళ్ళు గుర్తొస్తాయి నాకు.

అప్పట్నుంచి ఆ ఛానలే పెడతాను.
మంచుదేశంలో తెల్ల ఎలుగు ఒంటరిగా నడుస్తుంటే,
ఎడారిలో పాత ఊరి గోడలు తవ్వి తీస్తుంటే,
"ఎవరూ చేరని" అని ఆ గొంతు మొదలెట్టగానే
సౌండు పెంచుతాను.
నిద్రపోనీవేమే, అని ఈయన విసుగు.
ఉండు, అంటాను.
అక్కడ కూడా ఎవడో గెడ పట్టే ఉంటాడు,
ఎవత్తో కేరేజీ సర్ది పంపే ఉంటుంది.
దగ్గుతాడేమో,
ఉండు.