రైలు లెక్క

మా బడికి గంట లేదు.
ఆయన బోరు యంత్రం ఆపితే
అదే ఇంటర్‌బెల్లు.

నీళ్ళెక్కడ పడతాయో చూడమని కంపెనీ ఎటు పంపితే అటు.
మూడు వారాలు ఆదాం, ఆర్నెల్లు మార్ముల్,
పేరు కూడా లేని ఒక రాళ్ళవాగు పక్కన పదకొండు రోజులు.
పికప్పు వెనకద్దం మీద దుమ్ములో
వేలితో రాసిన పన్నెండో ఎక్కం
ఒబేదు నోటికి వచ్చేలోగా
గాలి చెరిపేసేది.
"నాకంటే ముందు గాలికి వచ్చేసిందమ్మా" అనేవాడు.

నేను చదివింది ఇంటరు, అదీ అంబాజీపేటలో.
రొట్టె తుంపి, ఖర్జూరాలు పంచి
భిన్నాలదాకా లాక్కొచ్చాను.
ఆ తర్వాత నా చదువూ పిల్లల చదువూ
ఒకే గతుకులో పడి ఆగాయి.

అప్పుడు దొరికింది ఇంతిసార్,
హైమా పెట్రోలు బంకు వెనక, టైర్ల కొట్టు నీడలో,
ముగ్గురు పిల్లల్ని చాప మీద కూర్చోబెట్టి
డిక్టేషన్ చెబుతూ.
సూడాను వాళ్ళు. వాళ్ళాయన భూమి పొరలు చదువుతాడు,
ఆ చదువు ఎటు తీసుకెళ్తే అటు ఆవిడ.
మా కెజియా పిలవకుండానే వెళ్ళి చాప అంచున కూచుంది.
నేను ఫ్లాస్కు మూత తీశాను.
నా అరబ్బీ కూరగాయల కొట్టు వరకే,
ఆవిడ హిందీ సినిమా డైలాగుల వరకే.
మిగతాదంతా వేళ్ళతో.

అప్పట్నుంచి నెలకి రెండు గురువారాలు.
తర్వాత షీజ కలిసింది, టవర్లెక్కే మొగుడితో,
కవలల్నీ ఒక కుక్కర్నీ బండిలో వేసుకుని.
లెక్కలు షీజవి. అక్షరాలు ఇంతిసార్‌వి.
నాకేం మిగిలిందని అడక్కండి:
జలుబు, గోరుచుట్టు, పేలు,
ఇంకా పొడుపు కథలు.

మొహనద్‌కి 'ళ' రాదు, నాలిక మడత పడదు.
ఒబేదుకి 'అయిన్' రాదు.
గొంతులో చేపముల్లు గుచ్చుకున్నట్టు అనరా అంటే
నిజంగానే దగ్గుతాడు.

ఒకసారి షీజ రైలు లెక్క ఇచ్చింది,
ఇటునించి ఒకటి, అటునించి ఒకటి.
ఏడుగురు పిల్లల్లో రైలు ఎక్కినవాళ్ళు ఒక్కరు లేరు.
కెజియా రైళ్ళు కొట్టేసి రాసింది:
నిజ్వా నుంచి మా నాన్న బండి,
తుమ్రైత్ నుంచి మొహనద్ వాళ్ళ నాన్న బండి,
ఎక్కడ కలుస్తాయి?
పెన్సిలు పట్టకుండానే అందరూ అరిచారు,
హైమా!
టైర్ల కొట్టు జుల్ఫికర్ కూడా.

జనవరిలో ఒక రాత్రి, ఎముకలు కొరికే చలి,
లైట్లార్పించి ఆకాశం చూపించింది ఇంతిసార్.
మా తాత రోహిణి అని చూపించిన ఎర్రచుక్కని
ఆవిడ దబరాన్ అంది.
వెంటబడి నడిచేది అని అర్థమట,
కృత్తికల వెనకాలే, ఎప్పటికీ అందుకోకుండా.
మగవాళ్ళు అప్పటికే గురక పెడుతున్నారు.
మనలాగే అని ఎవరం అనలేదు.
దుప్పటి చాల్లేదని పిల్లలు కొట్టుకున్నారు.

ఎండలు ముదిరాక ఒక గురువారం
చాప వేసే చోటు ఖాళీ.
సౌదీ వైపు పంపేశారట, రెండ్రోజుల గడువులో.
జుల్ఫికర్ కౌంటరు కిందనించి నోటుబుక్కు తీసిచ్చాడు,
అట్ట మీద గ్రీజు వేలిముద్ర.
లోపలంతా ఒబేదు అయిన్‌లు, ఎర్రసిరా దిద్దుబాట్లు.
ఆఖరి పేజీలో మొహనద్ చేత్తో
పేజీ సగం ఆక్రమించి, బోర్లా పడబోతూ, ఒక 'ళ'.
దానికింద బొమ్మలతో ఒక లెక్క:
ఒక బండి అటు. ఒక బండి ఇటు.
ఎక్కడ కలుస్తాయి?

కెజియా చాలాసేపు చూసింది.
"ఎదురెదురుగా రావట్లేదమ్మా ఇవి.
వేగమూ ఇవ్వలేదు. లెక్క తప్పు."
పేజీ తిప్పేసింది.
మళ్ళీ వెనక్కి తిప్పి
జవాబు గీత మీద పెన్సిలు ఆనించి అలాగే ఉంది,
షీజ కుక్కరు మూడో కూత వేసేదాకా.