చివరి చుక్క

గవర్నరుపేటలో మూడో అంతస్తు, లిఫ్టు లేదు.
నేను పేర్లు అమ్ముతాను.
ఆవకాయ పేరు, ట్రావెల్స్ పేరు, నిన్న పుట్టిన కాలేజీ పేరు.
ఏడాదికి ఆరొందల యాభై, పైన పన్ను.
నాది కాని సరుకు. ఎవరిదని ఎవరూ అడగలేదు ఇన్నాళ్లూ,
చల్లపల్లి అప్పడాలావిడ తప్ప:
"మరి దీనికి పట్టా ఎవరిస్తారమ్మా?"

పట్టా లేదండీ.
ప్రతి పేరుకీ చివర ఒక చుక్క ఉంటుంది,
ఎవరూ రాయరు, ఎవరికీ కనబడదు.
లోకంలో వెతుకులాటంతా ఆ చుక్క దగ్గరే మొదలు.
అక్కడ ఏ గీత మార్చాలన్నా
వాషింగ్టన్‌లో ఒక సర్కారు ఆఫీసు సరేననాలి.
ఇన్నేళ్లూ సరేనంటూనే వచ్చారు.
అనకపోతే?
ఆ "పోతే" మీద తలపెట్టి పడుకునేదాన్ని.

అక్టోబరు ఒకటి, శనివారం.
వాళ్ల అర్ధరాత్రి మనకి పొద్దున తొమ్మిదిన్నర.
ఆ గంటకి కాగితం గడువు తీరి, చుక్క మీంచి చెయ్యి తీసేస్తారు.
ఇక దేశానికొకరు, కంపెనీకొకరు,
ఊరికే పట్టించుకునేవాళ్లు కొందరు,
అందరూ కూర్చుని చూసుకుంటారట.
షాపు తెరవలేదు. దసరా మొదటి రోజు,
దుర్గా ఘాట్ దగ్గర తప్పిపోయినవాళ్ల డేరాలో నా వంతు.

అక్కడా ఆ పొద్దున ఒక అప్పగింత.
పద్దెనిమిది దసరాలు మైకు పట్టిన హెడ్ కానిస్టేబుల్ ఏసోబు
తుంపర తుడిచి దాన్ని బల్ల మీద పెట్టాడు:
"ఇక మీదేనమ్మా. కమిటీ అంట గదా."

కమిటీ అంటే
పూలమ్మే నాగూర్‌బీ, పడవల సంఘం పోతురాజు,
ఇద్దరు ఎన్నెస్సెస్ పిల్లలు, ఇస్త్రీ నలగని రోటరీ ఆయన,
హిందీలో మాత్రమే కోప్పడే రైల్వే ఆయన, నేను.
తగువు మొదలవడానికి టీ చల్లారేపాటి టైం కూడా పట్టలేదు:
ముందు తెలుగా, హిందీయా. పేరు ఎన్నిసార్లు పిలవాలి.
మధ్యలో చీరల కొట్టు ప్రకటన చదవొచ్చా.
ఖర్చంతా తనదే అన్నాడు రోటరీ ఆయన.
"డబ్బులిచ్చినోడి గొంతే వినపడుద్ది, వొద్దు" అంది నాగూర్‌బీ.
ఏసోబు పక్క కుర్చీలో
చేతుల్ని ఏంచేసుకోవాలో తెలీక
లాఠీకి తాడు చుడుతూ, విప్పుతూ.

తొమ్మిదిన్నర.
ఫోన్లో నా పేర్లన్నీ కొట్టి చూశాను.
అప్పడాలు తెరుచుకున్నాయి. ట్రావెల్స్ తెరుచుకుంది.
కృష్ణ మీద గాలి అటుదిటు కాలేదు.

అప్పుడే తెచ్చారు పిల్లాణ్ణి.
గుండు మీద గంధం ఆరిపోయింది, ఒక్క కాలికే చెప్పు.
పేరేంటంటే "చిన్నా."
ఊరేదంటే "మా ఊరు."
ఆ ఘాట్ మీద ఎందరు చిన్నాలు, ఎన్ని మా ఊళ్లు!

బల్ల చుట్టూ ఏడుగురం. ఎవరూ మాట్లాడం.
అందరి కళ్లూ పాత అలవాటుగా ఏసోబు మీదికి.
అతను తల అడ్డంగా ఊపాడు.

పోతురాజు వంగాడు మైకు మీదికి,
ఏటికి అటు గట్టు దాకా కేకేసే గొంతుతో.
తర్వాత హిందీలో రైల్వే ఆయన, ఉర్దూలో నాగూర్‌బీ.
అదే చిన్నా, మూడు భాషల్లో, మూడు తప్పులతో.

పదకొండైనా ఎవరూ రాలేదు.
"ఏసోబైతే ఇరవై నిమిషాల్లో తేల్చేవాడు"
వెనక ఎవరో. నిజమే కావచ్చు.

ఏసోబే నెమ్మదిగా అన్నాడు, ఎవరితోనో కాదు:
"మంత్రిగారొచ్చిన ఏడు నలభై నిమిషాలు ఆపమన్నారు.
ఆపాను."
ఆ నలభై నిమిషాల్లో ఎవరు తప్పిపోయారో చెప్పలేదు.

పిల్లాడు దొన్నెలో పులిహోర వేరుశనగలు ఏరుకుంటున్నాడు.
రిజిస్టర్లో చిన్నా అని రాశాను.
ఇంటిపేరు గడి ఖాళీ. ఊరు గడి ఖాళీ.
ఎందుకో చివర ఒక చుక్క పెట్టాను,
ఈసారి కనబడేలా, ఒత్తి.

పోతురాజు మళ్లీ మైకు అందుకున్నాడు.