ఎదురుముల్లు

గుణుపురంలో వంశధార వంతెన దిగగానే
ఎడం పక్క రేకుల షెడ్డు నాది.
బోర్డు అక్కర్లేదు, చొక్కా చూస్తే చాలు:
యాసిడ్ చిల్లులు, జల్లెడలా.

పొట్నూరు కామేశం లారీ తోలుకొచ్చాడు.
అరవై ఏడు మోడలు, ముక్కుబండి.
చింతపండు మోసి మోసి
చెక్కలకి కూడా పులుపు పట్టింది.
ఆపితే మళ్లీ లేవదేమోనని
ఇంజను ఆపకుండానే దిగాడు.

"ఏడాదిలో ఇది మూడో బేటరీ, మిస్త్రీ.
ముల్లు చూడు, ఎప్పుడూ మైనస్సే.
తినీడమే గానీ పెట్టీడం లేదు."

నా మీటర్లో సెల్లు చచ్చి నెలైంది.
ఊరందరి బేటరీలకీ నాడి చూసేవాణ్ణి,
పది రూపాయల సెల్లు కొనలేదు.
సరే, ముల్లునే నమ్మాను.

బెల్టు బొటనవేలితో నొక్కాను, బిగువుగానే ఉంది.
డైనమో దించాను.
బ్రష్షులు మార్చాను, రాగి చుట్టూ
గరుకు కాయితం తిప్పాను
కొత్త బిందెలా మెరిసేదాకా.
కటౌటు మూత తీస్తే
లోపల పాయింట్లు టిక్కుమని అతుక్కుంటున్నాయి,
సమయానికి తలుపు తీసే ఇల్లాలిలా.
ఎర్తు వైరు కింద తుప్పు గీకాను.
రెండు రోజులు.
ముల్లు మాత్రం ఎడం పక్కే చూస్తూ కూచుంది
అలిగిన మేనత్తలా.

మూడో రోజు బేటరీ మూతలు విప్పి
గాజు గొట్టంతో నీళ్లు పీల్చి చూశాను.
బుడుపు పచ్చగీత దాకా లేచింది.
నిండుగా ఉంది!
పెట్టని ఇంట్లో
ఇంత కడుపునిండా ఎవరు తిన్నారు?

చీకటి పడింది. ఇంజను ఆపే ఉంది.
క్లీనరు కుర్రాడు సొంబారు
చెప్పు వెతుక్కోడానికి హెడ్‌లైట్లు వేశాడు.
ముల్లు గెంతింది,
కుడి పక్కకి, ప్లస్సులోకి.

"ఆర్పు. మళ్లీ వెయ్యి. ఆర్పు."
"చెప్పు దొరకలేదు బాబూ."
"చెప్పు తర్వాత. వెయ్యరా."

దీపాలు తాగుతుంటే
రాబడని రాసుకుంటోంది ముల్లు!

డాష్‌బోర్డు వెనక తల దూర్చాను.
రెండు నట్లు, రెండు వైర్లు,
దీని చోట అది, దాని చోట ఇది.
పైన సైకిలు ట్యూబు ముక్క చుట్టి
మూడు ముళ్లు వేసి ఉంది.
కంపెనీ కట్టు కాదు, ఎవరిదో చెయ్యి.

"ఉద్ధబ బిశోయిది," అన్నాడు కామేశం,
"మా నాన్నగారి డ్రైవరు. రిటైరయ్యాడు."

తెల్లారి వెళ్తే బిశోయి
పొగాకు నలుపుతూ కాసేపు గుర్తుచేసుకుని
పళ్లు లేని నవ్వు నవ్వాడు.

"తప్తపాణి ఘాటీలో వైరు కాలిపోయింది.
వాన. టార్చి లేదు.
చీకట్లో తడుముకుని కలిపాను.
పొద్దున్న చూస్తే ముల్లు ఎదురు తిరిగింది.
బండి తిరగలేదు కదా!
ఇరవై రెండేళ్లు అలాగే చదువుకున్నాను."

కొత్త డ్రైవరుకి చెప్పలేదా అంటే
"అడగలేదు" అన్నాడు.

రెండు నట్లు విప్పి
వైర్లు అటుదిటు చేసి బిగించాను.
కామేశం బిల్లు చూసి
"రెండు నట్లకి ఇంతా?" అన్నాడు.
మంచి బేటరీలు రెండు
పాతసామాను వాడికి పారేసినప్పుడు
బేరం ఆడాడో లేదో, నేను అడగలేదు.
సాయంత్రం వెళ్లి సెల్లు కొన్నాను.

ఆదివారం కాశీనగర్ దాకా ట్రయలు.
ముసలాణ్ణీ ఎక్కించుకున్నాం, క్లీనరు సీట్లో.
లారీ హాయిగా గురకపెడుతోంది,
ముల్లు నిలకడగా ప్లస్సులో.
బిశోయి దాన్ని చూశాడు.
మాట్లాడుతున్నవాడల్లా ఆగిపోయి,
కుడికాలు చాపి
అక్కడ లేని బ్రేకుని
గట్టిగా తొక్కాడు.