చివరి గడి

వాన పడని మంగళవారాన్ని గ్రీనక్ ఎరగదు.
చర్చి హాలు తాళంచెవి మోరాగ్ కోటు జేబులో,
దగ్గుమాత్రల పక్కన.

కౌన్సిల్ ఇచ్చింది మూడొందల పౌండ్లు.
ఒక నెట్టు, మూడు డజన్ల కాక్‌లు,
హీటరు మీటరు మింగిన చిల్లర,
పైసాతో సహా రసీదులకెక్కాయి.

ఫారం చివర ఒక గడి మిగిలింది:
'ఎంతమంది ఆడారు?'

ఓడల యార్డులో పని పోయిన డూగల్ ఆడాడు,
తడిసిన బూట్లు విప్పేసి,
మేజోడు చిరుగు దాచుకుంటూ.
అలెప్పో నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళు ఆడారు,
గెలిచారు కూడా,
ఇసుమంత జాలి లేకుండా.

ఎఫీ మాత్రం రాకెట్ ముట్టలేదు.
వారం వారం వచ్చి హీటరు పక్కన కూర్చుని
పాయింట్లు లెక్కపెట్టేది,
తప్పుల తడకగా,
ఎప్పుడూ ఓడేవాళ్ళ వైపే మొగ్గి.

మోరాగ్ కలం ఆగింది.
ఇరవై రెండు అని రాసి,
కొట్టేసి,
ఇరవై మూడు చేసింది.